జూలో జంతువుని దత్తత తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బుజ్జమ్మ_నాన్న:
మా పాప పుట్టినరోజు అక్టోబరు మొదటి వారంలో వస్తుంది. ఈసారి హాలు, కేకు, రిటర్న్ గిఫ్టుల గోల వద్దు, ఆ డబ్బుతో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఏదైనా జంతువుని దత్తత తీసుకుందామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. పాపేమో పులే కావాలంటోంది. పులికి ఏడాది ఖర్చు ఎంతో కనుక్కున్నాక నాకు గొంతు తడారిపోయింది. తీసుకున్నవాళ్ళు చెప్పండి, ఏమిస్తారు? దగ్గరగా చూడనిస్తారా? పన్ను మినహాయింపు వస్తుందా? ఆ వారమే వన్యప్రాణి వారోత్సవాలు కదా, పిల్లలకి ఏమైనా ఉంటాయా?

బహదూర్‌పురా_బాబాయ్:
మాది జూ పక్కనే తమ్మీ. చిన్నప్పటి సంది సింహాల అరుపు ఇనుకుంటనే నిద్ర లేసినం. దత్తత అంటే జంతువు మనదైతదని కాదు. ఒక రోజుకో, నెలకో, ఏడాదికో దాని తిండి ఖర్చు మనం పెట్టుకునుడు, గంతే. సర్టిఫికెట్ ఇస్తరు, ఏడాదికి తీసుకుంటె ఎన్‌క్లోజర్ కాడ బోర్డు మీద పేరు రాస్తరు. లోపటికి పోయి ముట్టుకుంట, నా చేత్తోని మేత పెడ్త అంటే కుదరది. పాపకు ముందుగాలనే చెప్పి పెట్టు, లేకుంటె ఆడికి పోయినంక ఏడుస్తది.

లోపటికి రానియ్యరని కొందరు కోపం చేస్తరు గని, 2000 అక్టోబరుల ఏమైందో మాకు యాదికుంది. సఖి అని ఆడపులి పిల్ల. దాని ఎన్‌క్లోజర్ లోపల్నే సంపి తోలు ఒలుసుకపోయిండ్రు. దేశమంతట పేపర్లల్ల వచ్చింది. మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగ తినలే. అందుకే కీపర్ ఎవల్నన్న అనుమానంగ చూస్తె నేను తప్పు పట్ట.

లెక్కల_పుల్లయ్య:
పన్ను సంగతి నేను చెబుతా. ఇలాంటి విరాళాలకు ఆదాయపు పన్నులో 80జీ కింద మినహాయింపు ఉంటుందని అందరూ అంటారు. కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జీ మీకు పనికిరాదు, అది పాత విధానంలో ఉన్నవాళ్ళకే. రెండు, 2,000 రూపాయలు దాటిన మొత్తం నగదుగా ఇస్తే మినహాయింపు లేదు. చెక్కో, ఆన్‌లైనో చెయ్యండి. రసీదు మీద 80జీ వివరాలు, మీ పాన్ నంబరు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మార్చి నెలాఖరులో ఆ కాగితం కోసం ఇల్లంతా వెతికే మా క్లయింట్లని చూసి చూసి చెబుతున్నా.

చిలకపచ్చ_టీచర్:
వారోత్సవాలు ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా. బడి పిల్లలకి వ్యాసరచన, బొమ్మలు వెయ్యడం, క్విజ్ పోటీలు పెడుతుంటారు. వీటికి బడి తరఫునే పేర్లు పంపాలేమో ముందే కనుక్కోండి. 1963లో జూని జనానికి తెరిచింది కూడా అక్టోబరు 6నే, కాబట్టి ఆ వారం జూ వాళ్ళకి రెండు పండగలూ కలిసొస్తాయి.

నిజం చెప్పాలంటే పోటీల కన్నా జూలో పెట్టే వేసవి శిబిరం వంద రెట్లు నయం. మా బడి పిల్లల్ని తీసుకెళ్ళాను. పాములంటే కెవ్వుమనే పిల్ల సాయంత్రానికి ఏది విషప్పాము, ఏది కాదు అని నాకే పాఠం చెప్పింది. నిశాచర జంతువుల గది చూపించినప్పుడు లైట్ల కిటుకు కూడా చెప్పారు: పగలు చీకటి చేసి, రాత్రి లైట్లు వేస్తారు. అందుకే మనం వెళ్ళే వేళకి దేవాంగ పిల్లులు, గబ్బిలాలు మెలకువగా ఉంటాయి. లోపలికి వెళ్ళాక ఓ రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి, అప్పటిగ్గానీ కళ్ళు అలవాటు పడవు. జనం అర నిమిషంలో నడిచేసి "ఏమీ లేదిక్కడ" అంటూ బయటికొచ్చేస్తారు. ఫోన్ టార్చ్ వేసే మహానుభావుల గురించి ఇక్కడ రాయను, నోరు పాడవుతుంది.

ఎగిరేపిట్ట:
అందరికీ చేదుగా ఉంటుందేమో కానీ అడగాల్సిందే. జీవితాంతం కంచె వెనక బతికే జంతువుకి డబ్బు కట్టి, బోర్డు మీద పేరు రాయించుకోవడం మనకి ఆనందం కావచ్చు. దానికేంటి లాభం? ఆ డబ్బేదో నల్లమలలో అడవి కాసేవాళ్ళకి ఇవ్వొచ్చుగా?

మూషికజింక_అభిమాని:
మంచి ప్రశ్నే. నల్లమల అన్నారు కాబట్టి అక్కడి సంగతే చెబుతా. నా పేరు చూశారుగా, పక్షపాతం ఉందని ముందే ఒప్పేసుకుంటున్నా.

మూషిక జింక అడుగు ఎత్తుంటుంది. కొమ్ములుండవు. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి నల్లమలలో పుట్టి పెరిగినవాళ్ళకి కూడా కంటపడటం అరుదు. 2010లో నెహ్రూ జూలో వీటి సంతతి పెంచే పని మొదలుపెట్టారు. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళకి అంతరించిపోతున్న జాతుల కోసం ఉన్న లాకోన్స్ ప్రయోగశాల (అత్తాపూర్‌లో ఉంది), అటవీ శాఖ, కేంద్ర జూ ప్రాధికార సంస్థ కలిసి చేసిన పని అది. గుప్పెడు జింకలతో మొదలై వందలు దాటాయి. 2017లో మొదటి జట్టుని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. అడవిలో వదిలారంటే ఒక్కసారిగా తలుపు తీసి పొమ్మనడం కాదు. ముందు అడవిలోనే కంచె వేసిన జాగాలో ఉంచి, అక్కడి తిండికీ నేలకీ అలవాటు పడనిచ్చి, తర్వాత వదలాలి.

జూలన్నీ గొప్పవని నేననను. తెల్లపులిని చూడండి. అది వేరే జాతి కాదు. మన దేశపు జూల్లో ఉన్నవాటిలో చాలావాటి వంశం 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవాలో పట్టుకున్న మోహన్ అనే తెల్లపులి దగ్గరికే చేరుతుంది, దగ్గరి రక్తంలోనే సంతానం పెంచడం వల్ల వచ్చిన జబ్బులు బోలెడు. జనం ఎగబడేది అక్కడికే. మూషిక జింక దగ్గర మాత్రం నరపురుగుండదు. అందుకే దత్తత డబ్బు దేనికిస్తామన్నది ముఖ్యం అంటాను.

ఎగిరేపిట్ట:
మూషిక జింక విషయం తెలీదు. తెల్లపులి దగ్గర మనిద్దరిదీ ఒకటే మాట. మిగతాదానికి ఇంకా ఒప్పుకోవట్లేదు.

కంబాలకొండ_కుర్రోడు:
వైజాగ్ గురించి ఎవరూ మాటాడరేటండీ! మా ఇందిరాగాంధీ జూ 625 ఎకరాలు, ఒకపక్క హైవే, ఇంకోపక్క సముద్రం, వెనకాల కంబాలకొండ అడవి. 1977 నుంచి ఉంది. అడవి కుక్కల, అంటే రేచుకుక్కల, సంతతి పెంచే కేంద్రం మా దగ్గరే. జనాలు వాటిని చూసి "ఊరకుక్కలే కదా" అనేసి పోతారు, ఒళ్ళు మండిపోద్ది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు లోపల చెట్లన్నీ కూలిపోయాయి. నీడే లేకుండా పోయింది జంతువులకి. మళ్ళీ తెరిచాక వెళ్తే గుర్తుపట్టలేదు నేను. అలాంటప్పుడు టికెట్ డబ్బులు ఆగిపోతాయి గానీ వాటి ఆకలి ఆగదు కదండీ. మేం నలుగురు స్నేహితులం కలిసి పక్షుల్ని తీసుకున్నాం, అదీ నెలకే. బడ్జెట్టు చిన్నదైతే పక్షులు, తాబేళ్ళు చూడండి. రేట్లు అప్పుడప్పుడు మారుస్తుంటారు, పాత పోస్టులు నమ్మకండి.

బహదూర్‌పురా_బాబాయ్:
ఆకలి ఆగదన్నవు సూడు, గది నిజం. కరోనాకు 2020 మార్చిల బంద్ పెట్టి, అక్టోబరుల తెరిసిండ్రో లేదో, జూ పక్కన మీరాలం చెరువు పొంగి సఫారీల నీళ్ళొచ్చినయి. మల్ల 2021 మేల ఎనిమిది సింహాలకు కరోనా అని తేలె, దేశంల జూ జంతువులకు గదే మొదటిసారి. పాణాలు దక్కినయి, అదే సంతోషం. గేటు బందుంటే పైసలేడికెల్లొస్తయి? గప్పుడు దత్తతలు బాగ అక్కరకొచ్చినయి.

థేమ్స్_తెలుగోడు:
మాది కాకినాడ, ఉండేది లండన్లో. ఇక్కడి జూ 1828 నాటిది. ఏటా ఆగస్టులో జంతువులన్నిటినీ తూకం వేసి కొలతలు తీస్తారు, పత్రికలవాళ్ళని పిలిచి మరీ. పెంగ్విన్లు వరసలో నిలబడి తూకం ఎక్కే ఫోటోలు ఊరంతా చూస్తుంది. ఆ పని జూ వాళ్ళకి ఎలాగూ తప్పనిది, దాన్నే వేడుక చేశారు. వేసవిలో మనవాళ్ళు ఎలుగుబంట్లకి పండ్లు గడ్డకట్టించిన ఐసు ముక్కలు పెడతారు కదా, దత్తత తీసుకున్నవాళ్ళని పిలిచి అది చూపించొచ్చు. ఖర్చేం లేదు.

చిలకపచ్చ_టీచర్:
ఇది భలే ఉంది. పిలిస్తే పిల్లలకి ఒక్కటే షరతు పెట్టాలి, చిప్స్ ప్యాకెట్లు గేటు బయటే. వన్యప్రాణి చట్టంలో 38జె సెక్షనే ఉంది జూలో జంతువులకి తిండి విసరకూడదు, అరిచి రెచ్చగొట్టకూడదు అని. పెద్దవాళ్ళకే తెలీదు.

బుజ్జమ్మ_నాన్న:
అందరికీ థాంక్స్. పాపకి మూషిక జింక ఫోటో చూపించాను. "ఇది పులి పిల్లంత కూడా లేదు" అని మూతి ముడిచింది, తర్వాత పేరేంటని అడిగింది. దాదాపు ఖాయం. పన్ను మినహాయింపు నాకు రాదు, కొత్త విధానంలో ఉన్నా. టికెట్లు ఇంకా పాత రేటేనా?

కంబాలకొండ_కుర్రోడు:
మీ హైదరాబాద్‌లో 2025 మార్చిలో పెంచారండి, పెద్దలకి 100, పిల్లలకి 50. వెళ్ళేముందు ఓసారి సైట్లో చూసుకోండి.

బహదూర్‌పురా_బాబాయ్:
సోమారం నాడు పోకు, బందుంటది. ఆదివారం పోతె పార్కింగ్ కాన్నే సగం పొద్దు పోతది. మంగళారం పొద్దుగాల రా.

శేషాచలం_సీను:
తిరుపతి ఎస్వీ జూలో ఎవరైనా తీసుకున్నారా? అక్కడ 5,532 ఎకరాలంట, నడవలేక చస్తామేమో అని మా నాయన భయం. బ్యాటరీ బండి ఎక్కి, మనం దత్తత తీసుకున్నదాని దగ్గర దిగొచ్చా?