చవక కటింగ్ ప్లాటర్: పొడవు పనుల్లో వినైల్ పక్కకు జరుగుతోంది, సున్న కలవడం లేదు

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. ఆటోలకు, స్కూలు బస్సులకు పేర్లు కోసి అతికించే చిన్న స్టిక్కర్ షాపు నాది. రెండేళ్ల క్రితం కొన్న 28 అంగుళాల చవక రకం ప్లాటర్‌లో (కంప్యూటర్‌లోని డిజైన్ ప్రకారం వినైల్ స్టిక్కర్ షీటును బ్లేడుతో కోసే మిషన్) 24 అంగుళాల రోల్ పెట్టి పని చేస్తున్నాను. అడుగున్నర లోపు పనులు బాగానే వస్తున్నాయి గాని, నిన్న బస్సు పక్క భాగానికి 1500 మి.మీ. పట్టీ కోసినప్పుడు, అక్షరాలన్నీ పూర్తయ్యాక పడిన కింది గీత చివరికి వచ్చేసరికి దాదాపు 6 మి.మీ. జరిగి అక్షరాల్లోకి చొచ్చుకుపోయింది. దీనికి తోడు, చిన్న అక్షరాల్లో సున్న మొదలైన చోట ముగియడం లేదు; వెంట్రుకవాసి ఎడం మిగిలి, అక్కరలేని వినైల్ పీకేటప్పుడు సరిగ్గా అక్కడే చిరుగుతోంది. బ్లేడు నొక్కే ఫోర్స్ పెంచినా ఫలితం లేదు. బెల్టు మార్చవలసి ఉంటుందా?

జవాబు 1

బెల్టు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు: మొదటిది రోలర్లది, రెండోది బ్లేడుది. వినైల్‌ను వంకరగా పెట్టి ఉంటే పనంతా కలిసే ఒక పక్కకు వాలుతుంది తప్ప, గీత అక్షరాల్లోకి రాదు. మీ వినైల్ ముందుకూ వెనక్కూ తిరిగే క్రమంలో రోలర్ల కింద జారుతోంది. రూఢి చేసుకోవాలంటే మిషన్‌తో వచ్చిన పెన్నును బ్లేడు స్థానంలో బిగించి, పని అయ్యాక షీటు ముందుకు జరిగే ఆప్షన్‌ను ఆపేసి, ఒకే పొడవాటి దీర్ఘచతురస్రాన్ని ఆరిజిన్ (మొదలుపెట్టే స్థానం) మార్చకుండా రెండుసార్లు గీయించండి. రెండో గీత మొదటిదాని మీద పడకపోతే రోలర్లు జారుతున్నట్టే.

తరువాత షీటును పైనుంచి నొక్కిపట్టే పించ్ రోలర్ ఒక్కొక్కదాని కింద వేలెడు వెడల్పున్న కాగితపు ముక్క పెట్టి, లివర్ దించి, చేత్తో లాగి చూడండి. ఒక పక్క బిగువుగా, మరో పక్క సులువుగా వస్తే స్ప్రింగుల ఒత్తిడి సమానంగా లేదన్నమాట. పించ్ రోలర్లు కచ్చితంగా, కింద ఉండి షీటును నడిపే గరుకు రోలర్ భాగాల మీదే ఉండాలి. సగం బయటికి ఉన్నా పట్టు పోతుంది. గరుకు భాగంలో పేరుకున్న జిగురు, దుమ్మును పొడి టూత్‌బ్రష్‌తో దులపండి, నూనె మాత్రం తగలనివ్వకండి. రాత్రిపూట లివర్ దించి వదిలేసే అలవాటు ఉంటే మానుకోండి, రబ్బరు ఒక చోట చదునై తిరిగినప్పుడల్లా ఎగిరిపడుతుంది.

జవాబు 2

పై సలహాకు ఒక చేర్పు. బరువైన రోల్‌ను మోటారు చేతే లాగించకూడదు. 1500 మి.మీ. పని అయితే 2 మీటర్ల దాకా ముందే విప్పి వెనక వదులుగా వేలాడనివ్వండి. కోసే ముందు బ్లేడు ఎత్తి ఉంచి, ఆ పొడవంతా ఒకసారి ముందుకూ వెనక్కూ నడిపిస్తే అంచు ఎటు పోతోందో కంటితోనే తెలుస్తుంది. వానాకాలంలో వెనక కాగితం తేమ పీల్చి అలలు అలలుగా లేస్తుంది, అటువంటి రోల్‌ను ఏ రోలరూ సరిగా పట్టుకోలేదు.

ఇక సున్న సంగతి. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి బ్లేడు ఆఫ్‌సెట్ (బ్లేడు మొనకూ, అది తిరిగే ఇరుసు మధ్యకూ ఉన్న దూరం) తప్పితే ముందు బయటపడేది సున్నలోనే. సాధారణ బ్లేడుకు 0.25 మి.మీ. నుంచి మొదలుపెట్టి, 10 మి.మీ. చతురస్రం కోసి చూడండి: మూలలు గుండ్రబడితే విలువ పెంచాలి, మూలల దగ్గర కొమ్ముల్లా పొడుచుకువస్తే తగ్గించాలి. ఫోర్స్ పెంచడం వల్ల మీకు మేలు కంటే కీడే ఎక్కువ జరిగి ఉంటుంది, ఎందుకంటే లోతుగా దిగిన మొన వెనక కాగితాన్ని పట్టుకుని షీటునే లాగేస్తుంది. పీకిన తరువాత కాగితం మీద సన్నని గీత మాత్రమే కనిపించాలి, వెనక వైపు వేలితో తడిమితే ఏమీ తగలకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితపు ముక్క ఎడమ రోలర్ కింద నుంచి ఊదితే ఎగిరిపోయేలా వచ్చింది. స్ప్రింగు తీసి చూస్తే కొక్కెం సగం ఊడి ఉంది, తిరిగి తగిలించాను. ఆఫ్‌సెట్ విషయానికి వస్తే, కంప్యూటర్ ఫార్మాట్ చేయించాక సాఫ్ట్‌వేర్‌లో అది 0గా మిగిలిపోయింది, ఆ సంగతి నేను గమనించనే లేదు. ఇప్పుడు సున్నలు కలుస్తున్నాయి, గీత పక్కకు జరగడం 1500 మి.మీ.కి 1 మి.మీ. మాత్రమే ఉంటోంది. అయితే పట్టీ మొత్తం పొడవు 1496 మి.మీ. మాత్రమే ఉంది.

జవాబు 1

అది కొలత సవరణతో పోతుంది. జారుడు తగ్గింది కాబట్టి ఇప్పుడు చేయవచ్చు, ముందే చేసి ఉంటే తప్పును తప్పుతో సరిచేసినట్టయ్యేది. 1000 మి.మీ. గీత గీయించి, స్టీలు స్కేలుతో కొలిచి, వచ్చిన అంకెను సాఫ్ట్‌వేర్‌లోని కాలిబ్రేషన్‌లో ఇవ్వండి. మిగిలిన 1 మి.మీ. కోసం అక్షరాలు ముందు, గీత తరువాత అన్న క్రమాన్ని మార్చి, పట్టీని 500 మి.మీ. చొప్పున మూడు భాగాలు చేసి కోయించండి; వినైల్ అంత దూరం వెనక్కి రానవసరం ఉండదు.