అప్‌డేట్: క్లచ్ కుదుపు పోయింది

బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో క్లచ్ లివర్ ఎంత మెల్లగా వదిలినా నా బైక్ ఒక్కసారిగా ముందుకు దూకుతోందని, కేబుల్ మార్చినా తగ్గలేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. శనివారం క్లచ్ కవర్ విప్పించాను. స్టీల్ ప్లేట్లు అద్దం మీద పెట్టి చూస్తే చదునుగానే ఉన్నాయి. తేడా బాస్కెట్‌లో, అంటే క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి భాగంలో. ఫ్రిక్షన్ ప్లేట్ల (పట్టు ఇచ్చే ప్లేట్లు) అంచు చెవులు కొట్టుకుని కొట్టుకుని దాని వేళ్ల మీద గాట్లు పడ్డాయి. గోరుతో గీస్తే గాటులో తగులుకుంటోంది! ప్లేట్లు వాటిలో ఇరుక్కుని, ఉన్నట్టుండి జారి పట్టేస్తున్నాయి. గాట్లు లోతుగా ఉన్నాయి, ఆకురాయితో అరగదీస్తే లాభం లేదన్నాడు మెకానిక్. బెంగళూరులోనే జేసీ రోడ్డులో కొత్త బాస్కెట్, ఫ్రిక్షన్ ప్లేట్లు కొన్నాను. ప్లేట్లను రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి బిగించాం. కొత్త గాస్కెట్, జాసో ఎంఏ2 (ఆయిల్‌లో మునిగి ఉండే బైక్ క్లచ్‌లకు సరిపడే రకం) ఆయిల్ కూడా. ఇవాళ అదే సిగ్నల్ దగ్గర బండి మెత్తగా కదిలింది. అప్పుడు బాస్కెట్ చూడమని సలహా ఇచ్చిన అన్నకు చాలా థ్యాంక్స్.