పెద్దవాళ్లకు వేరే ఫోన్ కావాలా, ఉన్న ఫోన్లే మారాలా?

గౌతమీతీరం
మా అమ్మకు 74 ఏళ్లు, రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. పోయిన నెల కొత్త ఫోన్ కొనిచ్చాను. మర్నాడు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. టెన్షన్ తట్టుకోలేక పక్కింటివాళ్లను పంపాను. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది! మోగినప్పుడల్లా ఆకుపచ్చ గుర్తు నొక్కుతూనే ఉందట. ఆ ఫోన్‌లో నొక్కితే చాలదు, వేలితో పైకి జరపాలి.

జపాన్‌లో ఎన్‌టీటీ డోకోమో 1999లోనే పెద్దవాళ్ల కోసం 'రాకు రాకు' ఫోన్ తెచ్చింది. రాకు అంటే వాళ్ల భాషలో సులువు. దగ్గరివాళ్లకు చేయడానికి 1, 2, 3 అని మూడు బటన్లు. అవతలివాళ్ల మాటను నెమ్మది చేసి వినిపించే సౌకర్యం కూడా తర్వాత వచ్చింది. మన దగ్గర పెద్దల ఫోన్ అంటే చాలావరకు అంకెలు పెద్దవి చేసిన చవక కీప్యాడ్ ఫోనే. వీళ్ల కోసం వేరే ఫోన్ తయారు చేయాల్సిందేనని నా వాదన.

రిటైర్డ్ టీచరమ్మ
నా వయసు 71. 'ముసలివాళ్ల ఫోన్' అని చేతిలో పెడితే నేను తీసుకోను బాబూ. డాలస్‌లో ఉన్న మనవరాలిని వీడియోలో చూసేది ఈ ఫోన్‌లోనే. నవంబర్ వస్తే పెన్షన్ కోసం బతికున్నానని చూపించేదీ దీంట్లోనే, ముఖం చూపిస్తే లైఫ్ సర్టిఫికెట్ వస్తుంది. వేరే ఫోన్ అని ఇచ్చేవాళ్లు ముందు ఇవే తీసేస్తారు.

నాకు అడ్డం వస్తున్నది వయసు కాదు, అప్‌డేట్. ఏది ఎక్కడ నొక్కాలో నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్నాను. ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది, తెల్లారేసరికి రంగులు, చోట్లు మారిపోయాయి. నేను రాసుకున్న నాలుగు పేజీలు దండగ. మా వంటింట్లో రాత్రికి రాత్రి డబ్బాలన్నీ ఎవరైనా మార్చేస్తే ఊరుకుంటామా?

తెరపని
నేను యాప్‌ల డిజైన్ చేస్తాను. వేరే ఫోన్ వద్దంటాను, కానీ తప్పు మా వైపే ఉందని ఒప్పుకుంటాను.

వయసుతో వేళ్ల చర్మం ఎండిపోతుంది. ఇప్పటి తెరలు వేలిలోని విద్యుత్ గుణాన్ని బట్టి పనిచేస్తాయి కాబట్టి, పొడి వేలిని ఒక్కోసారి గుర్తించవు. అందుకని ఇంకాస్త గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. ఫోన్ దాన్ని 'నొక్కి పట్టుకోవడం' అనుకుని ఇంకేదో తెరుస్తుంది. ఫోన్ పాడైందని పెద్దవాళ్లు అనేది చాలాసార్లు ఇదే. చెవి కూడా ముందు సన్నని, కీచు శబ్దాలను కోల్పోతుంది, మనం పెట్టే రింగ్‌టోన్లేమో అవే.

తెలుగుకు ఇంకో బాధ ఉంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసిన బటన్‌లో మన వత్తులు కింద తెగిపోతాయి. అక్షరం పెద్దది చేస్తే ఇంకా తెగుతాయి. పైగా 'నిరాకరించు' అని రాస్తాం. మా నాన్నకు 'వద్దు' అంటే తెలుస్తుంది, 'క్యాన్సిల్' అన్నా తెలుస్తుంది, ఆ మాట మాత్రం తెలియదు.

వీటికి వేరే ఫోన్ ఎందుకు? నొక్కి పట్టుకునే సమయం పెంచే సెట్టింగ్ ఆండ్రాయిడ్‌లో ఉంది. తెర అడుగున వెనక్కి, హోమ్ లాంటి మూడు బటన్లు తిరిగి తెచ్చుకోవచ్చు. విషయాలు గ్రహించడం కష్టమైనవాళ్ల కోసం ఆపిల్ 2023లో ఐఫోన్లలో 'అసిస్టివ్ యాక్సెస్' పెట్టింది. ఫోన్ అదే, పెద్ద బొమ్మలతో కొద్ది యాప్‌లే కనిపిస్తాయి.

గౌతమీతీరం
తెరపని గారూ, మీరు చెప్పినవి వెతకడానికి నాకే అరగంట పట్టింది. అమ్మ అక్కడికి ఎప్పుడు చేరుతుంది? పిల్లలు దగ్గర లేనివాళ్ల సంగతేమిటి? పెట్టె తెరిచిన రోజే 'ఈ ఫోన్ ఎవరికి?' అని అడిగి, జవాబును బట్టి అన్నీ అదే సర్దుకుంటే మీ మాట ఒప్పుకుంటాను.

ఖమ్మం షాపు
మాది ఫోన్ల షాపు. కీప్యాడ్ ఫోనే కావాలని అడిగే పెద్దోళ్లు రోజూ వస్తారు. బటన్ నొక్కితే నొక్కినట్టు వేలికి తెలుస్తుంది, తెర మీద ఆ సంగతి తెలియదు. రెండోది భయం, తెలియక ఏదో నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయని. కీప్యాడ్ ఫోన్‌లో డబ్బులు పంపడానికి యూపీఐ 123పే 2022లోనే వచ్చింది, కానీ మా షాపులో దాని గురించి అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

మీరంతా అక్షరం సైజు అంటున్నారు. చదువురాని అవ్వకు ఎంత పెద్ద అక్షరమైతే ఏం లాభం? కొడుకు ఫొటో మీద నొక్కితే కొడుక్కే పోవాలి. మా దగ్గర కొన్న ప్రతి అవ్వకూ ముందు ఫొటోలు పెట్టి ఇస్తాం.

గౌతమీతీరం
ఆదివారం రాజమండ్రి వెళ్లాను. ఒక్కసారి నొక్కితే కాల్ ఎత్తేలా మార్చాను, మొదటి తెర మీద మా ముగ్గురి ఫొటోలు పెట్టాను. ఇవాళ పొద్దున రెండో రింగుకే ఎత్తింది.

రిటైర్డ్ టీచరమ్మ
చాలా సంతోషం బాబూ. తెరపని గారూ, ఆ ఫొటోలు రేపు అప్‌డేట్ వచ్చినా అక్కడే ఉంటాయా?

తెరపని
మొదటి తెర కదలకుండా లాక్ చేసే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో ఉందండీ, పెట్టుకోండి. అయితే అది చేయి తగిలి కదిలిపోకుండా కాపాడేదే. యాప్‌ల లోపల మారేవాటిని వాడేవాళ్లు పూర్తిగా ఆపలేరు. పాత తెరే ఉంచుకునే హక్కు వాళ్లకు మేమే ఇవ్వాలి, ఇంతవరకు ఇవ్వలేదు.