సిక్స్‌లైన్ రాస్‌ని పట్టాలంటే రాళ్లన్నీ పీకాల్సిందేనా?

గాజుతొట్టి:
మాది డాలస్‌లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం), నాలుగేళ్లయింది. మొదట్లోనే సిక్స్‌లైన్ రాస్ అనే చేపనొకదాన్ని వేశా, మూడంగుళాలు కూడా ఉండదు, ఊదా ఒంటి మీద నారింజ గీతలు, ముద్దుగా ఉందని తెచ్చుకున్నా. ఇప్పుడు కొత్తగా ఏది వేసినా బతకనివ్వట్లేదు. పోయిన వారం రెండు ఫైర్‌ఫిష్‌లు వేస్తే ఒకదాన్ని తరిమి తరిమి చంపింది, అంటే అది భయపడి మూత సందులోంచి ఎగిరిపోయింది, పొద్దున చూస్తే కార్పెట్ మీద ఎండిపోయి ఉంది. దీన్ని పట్టి షాపులో ఇచ్చేద్దామంటే వల నీళ్లలో పెట్టగానే మాయం. ఫ్రెండేమో రాళ్లు మొత్తం బయట పెట్టెయ్ గంటలో అయిపోద్ది అంటున్నాడు, నాకు చెయ్యి రావట్లేదు. ఏం చెయ్యమంటారు?

ఉప్పునీళ్లోడు:
పీకెయ్ గురూ. నేను రెండుసార్లు చేశా. పీకేముందు ఫోటో తీసుకో, మళ్లీ పేర్చేటప్పుడు పనికొస్తది. రాళ్లుండగా వల తిప్పడం అంటే గడ్డివాములో సూది వెతికినట్టే. ఒక్క సాయంత్రం కష్టపడితే పోద్ది, రోజుల తరబడి ఈ టెన్షన్ ఎందుకు.

నిద్రలేని_స్వాతి:
అస్సలొద్దండి! నాలుగేళ్ల ఇసుక కదిపితే అడుగున పేరుకున్న చెత్తంతా నీళ్లలోకి లేస్తుంది, అమ్మోనియా పెరిగిందంటే ఒక చేప కోసం మిగతావన్నీ పోతాయి. ఇసుక లోతుగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తది, అది విషపు గ్యాసే. ఇంకోటి, రాళ్ల మీద జోయాంథిడ్స్ (గుత్తులుగా పెరిగే మెత్తటి పగడాల్లాంటివి) ఉన్నాయా? వాటిల్లో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ రాళ్లు ముట్టుకోకండి. అక్రిలిక్ ట్రాప్ పెట్టండి, అంటే చేపని పట్టే ప్లాస్టిక్ డబ్బా, ఒక పక్క జారే తలుపు, దానికి సన్న తాడు. మొదటి మూడ్రోజులు తలుపు వెయ్యనే వద్దు, మేత మాత్రం ఆ డబ్బా లోపలే, బయట చిటికెడు కూడా పడెయ్యొద్దు.

గోదారోడు:
ఇదేదో మా ఊళ్లో కాలవల్లో పెట్టే మావులాగే ఉందే. నోరు వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు, దూరిన చేపకి దారి తెలీదు. కూల్‌డ్రింక్ బాటిల్ మెడ కోసి తిరగేసి దూర్చినా అదే పని చేస్తది. అదీ కుదరకపోతే చిన్న గాలం, ముల్లు పట్టకారుతో నొక్కేసి మైసిస్ (చేపల మేతకి వాడే బుల్లి రొయ్య) గుచ్చండి, పెదవికి తగుల్తది అంతే.

నిద్రలేని_స్వాతి:
గాలమా!! రాస్‌కే తగుల్తుందని గ్యారంటీ ఏంటి, పక్కనున్న క్లౌన్ చేప వచ్చి మింగితే? మూడంగుళాల చేప నోరెంతుంటుందో ఒకసారి చూసి చెప్పండి.

గాజుతొట్టి:
బాటిల్ పెట్టా అన్నా. క్లౌన్ మూడుసార్లు పడింది, తీసి వదిలేసిన అయిదు నిమిషాలకి మళ్లీ అదే వచ్చి కూర్చుంటోంది. రాస్ గాడు బాటిల్ చుట్టూ తిరుగుతాడు, ఒక కన్ను పెట్టి చూస్తాడు, పోతాడు.

ఓ_మూల_కూర్చున్నా:
ఒక మాట, కోపం వద్దు. దాన్ని ముందు వేసింది మీరు, నాలుగేళ్లు ఆ ట్యాంక్ దాని ఇల్లు అయింది, ఇప్పుడు తప్పు దానిదంటున్నారు. పోట్లాడే చేపని ఆఖర్న వెయ్యాలని అందరూ మొత్తుకునేది ఇందుకే. ట్యాంక్‌లో పట్టే ఫ్లాట్‌వార్మ్‌లు (చదును పురుగులు) తింటది కూడా, ఉంచేసుకుని కొత్తవి ఆపెయ్యొచ్చుగా.

ఉప్పునీళ్లోడు:
ఆ ఫైర్‌ఫిష్‌కి చెప్పండి ఈ మాట 😄 సరే రాళ్లొద్దంటే నడిమి దారి ఒకటుంది. సగానికి పైగా నీళ్లు శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడు, హీటర్, పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే పంపు) వేసి ఉంచు. నీళ్లు తగ్గేకొద్దీ చేపలు కిందకొస్తాయి, దాక్కునే చోటు తగ్గుద్ది. కోరల్స్ కాసేపు గాలి తగిలితే ఏం కాదు, సముద్రంలో ఆటుపోట్లకి చూసేవే.

నిద్రలేని_స్వాతి:
నీళ్లు దించితే అది మూలకి రాదండి, రాయి కన్నంలోకి దూరుతుంది. రాత్రిళ్లు కూడా అంతే, జిగురుతో గూడు అల్లుకుని కన్నంలోనే పడుకుంటుంది. నీళ్లతో పాటు రాయి కూడా తియ్యాల్సిందే, మళ్లీ మొదటికే వచ్చాం.

గాజుతొట్టి:
అప్‌డేట్. స్వాతిగారు చెప్పినట్టే అక్రిలిక్ డబ్బా పెట్టా. ఆరో రోజుకి రాస్ లోపలికెళ్లి తిని బయటికి రావడం మొదలెట్టింది, నేనేమో సోఫా వెనక నేల మీద తాడు పట్టుకుని దొంగలా కూర్చున్నా, మా ఆవిడ కాఫీ కూడా నేల మీదే పెట్టి వెళ్లింది. ఎనిమిదో రోజు పొద్దున లైట్లు వేసిన పది నిమిషాలకి దూరింది, లాగేశా. లోపల రాస్, పక్కనే క్లౌన్. దాన్ని వదిలేసి రాస్‌ని బకెట్‌లో వేశా.

ఉప్పునీళ్లోడు:
ఎనిమిది రోజులు! నేనైతే ఆ ఆదివారమే ముగించేవాణ్ణి. ఫైర్‌ఫిష్ ఎలా ఉంది?

గాజుతొట్టి:
మిగిలిన ఆ ఒక్కటీ ఇంకా రాయి వెనకే ఉంది, తోక మాత్రం కనిపిస్తోంది.