బెంగళూరులో సొంత తెలుగు పాటలకు వేదిక ఎక్కడ దొరుకుతుంది?

అన్నలూ, అక్కలూ, కాస్త దారి చెప్పండి. మేం నలుగురం, మారతహళ్లి చుట్టుపక్కల ఉంటాం, పగలంతా ఉద్యోగాలు. మా కదిరి యాసలో పాటలు రాసి బాణీలు కట్టుకుంటున్నాం. గిటార్, కంజీర, డప్పు, ఇద్దరి గొంతులు, అంతే.

కోరమంగళ, ఇందిరానగర్ పబ్బుల్లో అడిగితే సినిమా పాటలు పాడతారా అంటారు. పాడితే డబ్బులూ ఇస్తారు, కాదనను. సొంత పాట ఎత్తుకోగానే మేనేజరు ముఖం మాడిపోతుంది. విచిత్రమేంటంటే, తెలుగు రాని కన్నడ కుర్రాళ్లే డప్పుకి లేచి చిందేస్తారు. టికెట్ పెట్టి సొంత పాటలే పాడించే చిన్న హాళ్లు, కెఫేలు ఏవైనా తెలుసా? అద్దె కట్టాలా, టికెట్ డబ్బుల్లో వాటా ఇస్తే చాలా?

ఇంకోటి. ఒక కంపెనీ మా పాటలు విడుదల చేస్తామంటూ హక్కులన్నీ శాశ్వతంగా రాసిమ్మంటోంది. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు రాయల్టీ వాటాను వదులుకోలేరు కదా, కాగితంలో ఆ ఊసే లేదు. సంతకం పెట్టకుండా మేమే, పాటల్ని యాప్‌లకు చేర్చిపెట్టే డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెట్టుకోవచ్చు, కానీ స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1000 సార్లు వింటే గాని ఆ పాటకు పైసా రాదు. పాటలు రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్‌ సంఘంలో చేరినవాళ్లు ఎవరైనా ఉంటే, మాలాంటి చిన్నవాళ్లకు నిజంగా ఏమైనా అందుతోందా చెప్పండి. ఒప్పందం చదివిపెట్టే లాయరు బెంగళూరులో ఉంటే ఇంకా మేలు, ఫీజు ఇస్తాం.