క్రాంక్ చక్రంలో ఒక పన్ను చితికితే ఇంజిన్ లెక్క తప్పుతుందా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. పాతపట్నానికి సరుకులు తిప్పే నా డీజిల్ వ్యాను ఉదయంపూట సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు. నలుగురు కలిసి జోరుగా తోస్తే మాత్రం వెంటనే అవుతుంది. బ్యాటరీ కొత్తదే.

గేర్‌బాక్సు దించినప్పుడు క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) వెనుక ఉన్న పళ్ల చక్రాన్ని నేనే లెక్కపెట్టాను. 58 పళ్లు, ఆపై రెండు పళ్ల మేర ఖాళీ. అంటే ఒక్కో పన్నుకు 6 డిగ్రీలు. ఆ ఖాళీని బట్టే కంట్రోల్ యూనిట్ (ఇంజిన్ కంప్యూటర్) క్రాంక్ ఎక్కడుందో గుర్తుపడుతుందనీ, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక్కసారే తిరుగుతుంది గనుక ఏ చుట్టు కంప్రెషన్‌దో తేల్చడానికి క్యామ్ సెన్సర్ కావాలనీ తెలుసు.

అయితే ఖాళీ తర్వాత ఐదో పన్ను కొస సగం చితికి ఉంది. ఈ పళ్లను గుర్తించే క్రాంక్ సెన్సర్ మొనకు బియ్యపు గింజంత ఇనుప రజను అంటుకుని ఉంటే తుడిచాను గానీ ఫలితం లేదు. ఇది రెండు తీగల అయస్కాంత సెన్సర్. చక్రం మెల్లగా తిరిగితే దీని వోల్టేజీ తగ్గుతుంది. అందువల్ల సెల్ఫ్ వేగంలో ఆ పన్ను కూడా ఖాళీలాగే కనిపిస్తోందా? లేక ఇటీవల కనెక్టరు మార్చినప్పుడు తీగలు తారుమారై ఉంటాయా? పన్నును వెల్డింగుతో నింపవచ్చా, చక్రమే మార్చాలా?

తోస్తే స్టార్ట్ అవుతోంది కదా, వదిలెయ్యమంటున్నారు మా మేస్త్రీ గారు. రోజూ తోసేది ఆయన కాదు. అనుభవజ్ఞులు దయచేసి ముందుగా ఏది పరీక్షించాలో తెలుపగలరు.