లాగిన్‌కి జేడబ్ల్యూటీయా, సెషన్ కుకీయా?

కొత్తకెరటం:
ఫాస్ట్‌ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో ఒక వెబ్ ఏపీఐ కడుతున్నాం. ప్రస్తుతానికి సర్వర్ ఒక్కటే. ముందు బ్రౌజర్‌లో నడుస్తుంది, తర్వాత మొబైల్ యాప్ వస్తుంది. ఏ ట్యుటోరియల్ తెరిచినా లాగిన్ అనగానే జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్, అంటే సర్వర్ డిజిటల్ సంతకం చేసి ఇచ్చే టోకెన్) అంటారు. మా టీమ్‌లో సీనియర్ మాత్రం సెషన్ కుకీ (లాగిన్ వివరాలు సర్వర్‌లో దాచి, బ్రౌజర్‌కి ఒక గుర్తు మాత్రం ఇవ్వడం) చాలంటున్నారు. రెండూ వాడినవాళ్లు చెప్పండి, ఏది పెట్టుకోమంటారు?

వేగుచుక్క:
జేడబ్ల్యూటీయే. యూజర్ ఐడీ, గడువు, సిగ్నేచర్ అన్నీ టోకెన్‌లోనే ఉంటాయి. సర్వర్ సిగ్నేచర్ సరిచూసుకుంటే చాలు, ప్రతి రిక్వెస్ట్‌కీ డేటాబేస్‌ని అడగక్కర్లేదు. రేపు సర్వర్లు పెరిగినా సెషన్లు ఎక్కడ దాచాలన్న తలనొప్పి ఉండదు. మొబైల్ యాప్‌కి కూడా హెడర్‌లో టోకెన్ పంపడమే సులువు.

పాతకోడు:
వేగుచుక్క గారూ, ఒక్క ప్రశ్న. యూజర్ ఫోన్ పోయింది. వేరే చోట లాగిన్ అయి "అన్ని డివైస్‌లలో లాగౌట్" నొక్కాడు. ఆ ఫోన్‌లో ఉన్న టోకెన్‌ని మీరెలా రద్దు చేస్తారు?

వేగుచుక్క:
ప్రతి రిక్వెస్ట్‌తో పంపే యాక్సెస్ టోకెన్‌కి 15 నిమిషాల గడువు పెడతాను. గడువయ్యాక కొత్తది తెచ్చుకోవడానికి వాడే రిఫ్రెష్ టోకెన్‌ని డేటాబేస్‌లో ఉంచి, లాగౌట్ అయితే తీసేస్తాను. అందరూ చేసేది ఇదే కదా.

పాతకోడు:
అంటే డేటాబేస్‌లో ఒక టేబుల్ వచ్చేసింది. గడువు అయినప్పుడల్లా కొత్త టోకెన్ తెచ్చుకునే కోడ్ క్లయింట్‌లో వచ్చింది. ఒకేసారి అయిదు రిక్వెస్ట్‌లు వెళ్లి అయిదూ రిఫ్రెష్ అడిగితే ఏం చేయాలన్న లెక్క కూడా వచ్చింది. ఇంత చేశాక కూడా దొంగ చేతిలో టోకెన్ 15 నిమిషాలు బతికే ఉంటుంది. ఆ సమయం కూడా వద్దనుకుంటే రద్దయిన టోకెన్ల బ్లాక్‌లిస్ట్ పెట్టి ప్రతి రిక్వెస్ట్‌కీ చూడాలి. అప్పుడది సెషనే, కాకపోతే బరువెక్కువ.

డేటాబేస్‌ని అడగక్కర్లేదన్న మాట కూడా ఈ ప్రాజెక్టుకి వర్తించదు. ఆ రిక్వెస్ట్ వచ్చిందే పోస్ట్‌గ్రెస్‌లోంచి ఏదో తెమ్మని. ఇండెక్స్ ఉన్న టేబుల్‌లో ఒక్క వరుస వెతకడానికయ్యే ఖర్చు అందులో ఎక్కడ కనబడుతుంది?

వేగుచుక్క:
కుకీ అంటే సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైట్ మన యూజర్ కుకీతో రిక్వెస్ట్ పంపించేయడం) గొడవ ఉంటుంది, దాని సంగతి చెప్పలేదు మీరు.

పాతకోడు:
ఉంటుంది, కానీ మందు కూడా ఉంది. కుకీకి సేమ్‌సైట్ లాక్స్ (వేరే సైట్ పంపే పోస్ట్ రిక్వెస్ట్‌లతో కుకీ వెళ్లదు), హెచ్‌టీటీపీఓన్లీ, సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్తుంది) పెట్టండి. డేటా మార్చే రిక్వెస్ట్‌లకి ఏ సైట్ నుంచి వచ్చిందో చెప్పే ఆరిజిన్ హెడర్ సరిచూడండి, గెట్‌తో ఏదీ మార్చనివ్వకండి. మీ జేడబ్ల్యూటీ బ్రౌజర్‌లో ఎక్కడ ఉంటుంది? లోకల్ స్టోరేజ్‌లోనేగా? పేజీలోకి ఒక్క చెడ్డ స్క్రిప్ట్ దూరితే టోకెన్ చదివేసి బయటికి పంపేస్తుంది. హెచ్‌టీటీపీఓన్లీ కుకీని స్క్రిప్ట్ చదవలేదు. కానీ పేజీ తెరిచి ఉన్నంతసేపు ఆ స్క్రిప్ట్ యూజర్ పేరుతో రిక్వెస్ట్‌లు పంపగలదు, అది ఒప్పుకుంటాను.

తాళంచెవి:
నేను ఏపీఐల సెక్యూరిటీ టెస్టింగ్ చేస్తాను. జేడబ్ల్యూటీ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 7519గా 2015లో వచ్చింది. ఆ ఏడాదే చాలా లైబ్రరీల్లో పెద్ద లొసుగులు బయటపడ్డాయి. టోకెన్ హెడర్‌లో అల్గారిథమ్ "నన్" అని రాసి పంపితే సిగ్నేచర్ లేకుండానే ఒప్పుకునేవి కొన్ని. మరికొన్నింటిలో ఆర్ఎస్256 (పబ్లిక్, ప్రైవేట్ కీల జంటతో నడిచేది) బదులు హెచ్ఎస్256 (ఒక్క రహస్య కీతో నడిచేది) అని రాసి, అందరికీ తెలిసిన పబ్లిక్ కీనే రహస్య కీగా వాడి సిగ్నేచర్ తయారుచేస్తే చెల్లిపోయేది. ఎలా సరిచూడాలో వచ్చిన టోకెన్‌నే అడగడం అసలు తప్పు. ఏ అల్గారిథమ్‌లు ఒప్పుకోవాలో సర్వరే చెప్పాలని 2020లో ఆర్ఎఫ్‌సీ 8725 గట్టిగా చెప్పింది. పైథాన్ లైబ్రరీ పైజేడబ్ల్యూటీలో 2.0 నుంచి డీకోడ్ చేసేటప్పుడు ఆ జాబితా ఇవ్వకపోతే ఎర్రర్ వస్తుంది. ఇక 2022లో జావా 15 నుంచి 18 దాకా ఉన్న వెర్షన్లలో, అంకెలన్నీ సున్నాలైన ఈసీడీఎస్ఏ (ఇంకో సిగ్నేచర్ అల్గారిథమ్) సిగ్నేచర్ కూడా సరైనదేనని తేలేది! అది లైబ్రరీ రాసినవాళ్ల తప్పు కూడా కాదు, కింద ఉన్న జావాది.

పాతకోడు గారు సెషన్ అంటుంటే కొత్తకెరటం గారికి ఒక హెచ్చరిక. ఫాస్ట్‌ఏపీఐ కింద ఉండే స్టార్లెట్‌లో సెషన్ మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌కీ మధ్యలో నడిచే కోడ్) ఉంది. దాన్ని తగిలించి పని అయిపోయిందనుకోకండి. అది డేటా మొత్తాన్ని సిగ్నేచర్ చేసి కుకీలోనే పెడుతుంది. ఎన్‌క్రిప్ట్ చేయదు, సర్వర్‌లో ఏమీ దాచదు. కాబట్టి కాపీ అయిన కుకీని రద్దు చేయలేని ఇబ్బంది అక్కడా ఉంది. ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌లో మామూలు సెషన్ కూడా అంతే. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ మాత్రం డిఫాల్ట్‌గా డేటాబేస్‌లో దాస్తుంది.

అసలు ఓవాస్ప్ అనే వెబ్ సెక్యూరిటీ సంస్థ ఇచ్చే ఏపీఐ ముప్పుల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం టోకెన్లది కాదు, ఎవరి వస్తువో చూడకుండా ఇచ్చేయడానిది. ఆర్డర్ 1042 చూసే హక్కున్నవాడు లింక్‌లో 1043 అని మార్చితే పక్కవాడి ఆర్డర్ వచ్చేస్తుంది. ఎంత గట్టి టోకెన్ ఉన్నా ఇది ఆగదు. క్వెరీలోనే యూజర్ ఐడీ షరతు పెట్టండి.

నాలుగుదారులు:
అందరూ జేడబ్ల్యూటీ మీద పడ్డారు కాబట్టి ఒక మాట. మా దగ్గర లాగిన్‌కి కీక్లోక్ (లాగిన్‌లు చూసుకుని టోకెన్లు ఇచ్చే సర్వర్), వెనకాల వేర్వేరు టీమ్‌ల సర్వీసులు. ఏ సర్వీసూ ఇంకొకరి డేటాబేస్ ముట్టుకోకూడదు. అక్కడ పబ్లిక్ కీ తెచ్చుకుని టోకెన్ సరిచూడటం ఎంతో హాయి. కానీ సర్వర్ ఒక్కటే ఉన్నవాళ్లకి ఇది నేను కూడా చెప్పను.

కొత్తకెరటం:
మరి మొబైల్ యాప్ వచ్చినప్పుడో? దానికి కుకీ అంత సులువు కాదంటున్నారు కదా.

పాతకోడు:
హెడర్‌లో పంపేది జేడబ్ల్యూటీయే కానక్కర్లేదండి. పైథాన్ సీక్రెట్స్ మాడ్యూల్‌లోని టోకెన్_యూఆర్ఎల్‌సేఫ్‌తో 32 బైట్ల యాదృచ్ఛిక టోకెన్ తయారుచేయండి, 43 అక్షరాలు వస్తుంది. బ్రౌజర్‌కి కుకీలో, మొబైల్‌కి ఆథరైజేషన్ హెడర్‌లో అదే రకం టోకెన్ ఇవ్వండి. టేబుల్ ఒక్కటే. అందులో టోకెన్ బదులు దాని షా-256 హ్యాష్ (వెనక్కి తిప్పి అసలు టోకెన్ తేలని ముద్ర) దాచండి. పాస్‌వర్డ్ మారితే ఆ యూజర్ వరుసలు తీసేయండి.

కొత్తకెరటం:
షా-256 ఎందుకు? హ్యాష్‌కి బీక్రిప్ట్, ఆర్గాన్2 వాడమంటారు కదా?

తాళంచెవి:
అవి పాస్‌వర్డ్‌లకి. మనుషులు పెట్టుకునే పాస్‌వర్డ్ ఊహించదగ్గది, అందుకే ఒక్కో ప్రయత్నం నెమ్మదిగా జరిగేలా చేస్తారు. 256 బిట్ల యాదృచ్ఛిక టోకెన్‌ని ఊహించడం ఎవరివల్లా కాదు, వేగంగా తేలే హ్యాష్ చాలు. పైగా ప్రతి రిక్వెస్ట్‌కీ బీక్రిప్ట్ నడిపితే సర్వర్ మూలుగుతుంది.

వేగుచుక్క:
ఒక్క సర్వర్‌కి సరే, ఒప్పుకున్నాను. కానీ వేరే టీమ్ రాసిన రెండో సర్వీస్ వచ్చిన రోజు మీ టేబుల్ వాళ్లకి ఇస్తారా?

పాతకోడు:
ఇవ్వను. గేట్‌వే (బయటి రిక్వెస్ట్‌లన్నీ ముందు వచ్చే సర్వర్) దగ్గర ఈ టోకెన్ సరిచూసి, లోపలికి మాత్రం ఒక నిమిషం గడువున్న జేడబ్ల్యూటీ పంపిస్తాను. యూజర్ చేతికి అది చేరదు.

వేగుచుక్క:
ఇదేదో మొదటి పోస్ట్‌లోనే చెప్పుంటే ఇంత వాదన ఉండేది కాదు. రిఫ్రెష్ కోడ్ బరువన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, దానికి లైబ్రరీలు ఉన్నాయి.